వాన తెరిపిచ్చాక వెళ్దువుగాని

“వాన తెరిపిచ్చాక వెళ్దువుగాని, కూర్చో.” ఈ మాట అననివాళ్లూ విననివాళ్లూ మనలో ఎవరుంటారు చెల్లీ? చెప్పుల్లో కాళ్లు పెట్టేసిన మనిషి మళ్లీ లోపలికొస్తుంది. స్టవ్ మీద ఇంకో విడత టీ పడుతుంది. అప్పటిదాకా పెళ్లి కబుర్లూ కందిపప్పు ధరలూ మాట్లాడుకున్నవాళ్లం, అప్పుడు మెల్లిగా అసలు సంగతిలోకి దిగుతాం. అల్లుడి ఉద్యోగం పోయిన సంగతో, డాక్టరు రాసిచ్చిన పరీక్షల సంగతో. ఈవేళ నీతో ఆ ఒక్క మాట గురించే కూర్చుని మాట్లాడాలని ఉంది. తెరిపి.

వాన పూర్తిగా ఆగిపోతే ‘వెలిసింది’ అంటాం. ఇక గొడుగు మూల పెట్టేయొచ్చు. తెరిపి అలాంటిది కాదు. మబ్బు ఎక్కడిదక్కడే ఉంటుంది, చూరు నుంచి చుక్కలు జారుతూనే ఉంటాయి, ఇంకాసేపట్లో మళ్లీ అందుకుంటుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఈలోగా దొరికిన ఎడం పేరు తెరిపి. ముందూ వానే, వెనకా వానే ఉండాలి. అప్పుడే ఆ నడుమనున్నదానికి ఈ పేరు. ఇంకొకటి గమనించావా, తెరిపి ‘వచ్చింది’ అనేకన్నా ‘ఇచ్చింది’ అనే ఎక్కువగా అంటాం. ఇచ్చేది వాన. పుచ్చుకునేది మనం. అడిగితే ఇచ్చేది కాదు, ఇచ్చినప్పుడు పనులన్నీ వదిలేసి అందుకోవాలి.

దీని పుట్టుక చూస్తే నాకు మరీ ముచ్చటేస్తుంది. తలుపు తెరు, కళ్లు తెరు అంటాం కదా, ఆ తెరవడంలోంచే వచ్చింది తెరిపి. పాత పుస్తకాల్లో తెఱచు, తెఱపి అని రెండిటినీ బండి ఱతోనే రాసేవాళ్లు. ఆ ఱను మనం రాతలో వదిలేశాక ఆ చుట్టరికం కాస్త మరుగున పడింది. అందుకే కొంతమంది తెరిపిని గుమ్మానికి వేసే తెరతో కలుపుతారు, మబ్బుతెర తొలగింది కాబట్టి తెరిపి అని. వినడానికి బాగుంటుంది గానీ ఆ తెర వేరు, ఈ తెరవడం వేరు. తమిళంలో ఈ రెండు ర-లూ ఇప్పటికీ వేరువేరుగానే రాస్తారు కాబట్టి అక్కడ చూస్తే ఇట్టే తేలిపోతుంది. తెరను వాళ్లు ‘తిరై’ అంటారు, అందులో మామూలు ర. తెరవడానికి ‘తిఱ’, అందులో బండి ఱ. ఇక కన్నడంలో ఖాళీ జాగానూ ఎడాన్నీ ‘తెరపు’, ‘తెరవు’ అంటారు. బెంగళూరులో కాపురముంటున్న మనవాళ్లకు ఆ రెండో మాట పేపర్లో తరచూ కనపడేదే. ఆక్రమణలు ఖాళీ చేయించారన్నా, సభలో ఒక స్థానం ఖాళీ అయిందన్నా తెరవే.

మన నిఘంటువుల్లోనూ తెఱపికి ఖాళీ చోటు, ఎడం, సందు అనే అర్థాలున్నాయి. చోటుకూ కాలానికీ రెండిటికీ చెల్లే మాట అన్నమాట. ఇది మనకొక్కరికే ఉన్న ఆలోచన కూడా కాదు. సినిమా హాల్లో పాప్‌కార్న్ కోసం లేచే ఇంటర్వెల్ ఉంది చూడు, ఆ మాట లాటిన్‌లో రెండు కోటగోడల నడుమ ఖాళీ జాగాకు పేరుగా మొదలైందట. వాళ్లకు అడ్డుగోడలు గుర్తొచ్చాయి, మనకు తెరుచుకోవడం గుర్తొచ్చింది. నాకు మనదే నచ్చింది.

మా వదిన పుట్టిల్లు కరీంనగర్ వైపు. ఆవిడ నోట తెరిపి అనే మాట రాదు. “వాన గెరువియ్యనీ, అప్పుడు పోదువు” అంటుంది. కొత్తలో నేను బిత్తరపోయి చూసేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో రెండూ నడుస్తున్నాయి. పిల్లలు ఆవిడ దగ్గరుంటే గెరువు అంటారు, నా దగ్గరికొస్తే తెరిపి అంటారు. ఎవరినీ దిద్దొద్దని చెప్పాను. ఒక్క ఇంట్లో ఒకే సంగతికి రెండు మంచి మాటలుండటం అదృష్టం.

తెరిపి విలువ తెలియాలంటే ముసురు తెలియాలి. ముసురడమంటే చుట్టుముట్టి కమ్ముకోవడం. బెల్లం మీద ఈగలు ముసిరినా అదే మాట, ఆకాశం ముసురు పట్టినా అదే మాట. ఒకటి కప్పేసేది, ఇంకొకటి తెరుచుకునేది. ఒకదానికొకటి ఎదురుగా నిలబెట్టినట్టున్నాయి ఈ రెండూ.

మా చిన్నప్పుడు పునర్వసు, పుష్యమి కార్తెల్లో, అంటే జులై నెలలో, ముసురు పట్టిందంటే ఇల్లంతా ఒక రకమైన చెమ్మ. ఉప్పు జాడీలో ఉప్పు నీరు కారేది. డబ్బాలో అప్పడాలు మెత్తబడిపోయేవి. వసారాలో అడ్డంగా కట్టిన తాళ్ల మీద బట్టలు రెండో రోజుకు కూడా ఆరక ముక్కవాసన కొట్టేవి, వాటి కింద నుంచి తల వంచుకుని నడవాలి. పొయ్యిలో తడికట్టె చిటపటలాడుతూ పొగ తప్ప మంట ఇచ్చేది కాదు. ఆ పొగలో అమ్మ కళ్లు ఎర్రగా ఉండేవి. ఇంట్లో అందరికీ అందరి మీదా విసుగే.

ఉన్నట్టుండి చూరు చప్పుడు పలచబడేది. అమ్మకు అది మా అందరికన్నా ముందు వినపడేది. చేతిలో గరిట ఎక్కడిదక్కడ పెట్టి పెరటి తలుపు గడియ తీసేది. ఆ తలుపు వానకు ఉబ్బి బిగుసుకుని ఉండేది, భుజం ఆనించి నెడితే గానీ వచ్చేది కాదు. తలుపు తెరుచుకోగానే వంటింట్లోకి వెలుతురు, తడిమట్టి వాసన ఒక్కసారే వచ్చేవి. ఆ తర్వాత ఆవిడ చేతులు చూడాలి. బట్టలు బయటి దండెం మీదికి. దూడను కొట్టంలోంచి తెచ్చి చెట్టు కింద కట్టెయ్యడం. పిడకల గూడు మీద గాలికి పక్కకు జరిగిన తాటాకు సర్దడం. గోలెం నిండిందా లేదా చూసుకోవడం. ఇవన్నీ అయ్యాక, మళ్లీ పొయ్యి దగ్గరికి పోవాలి నిజానికి. పోయేది కాదు. పిట్టగోడ దగ్గరికెళ్లి “అత్తయ్యగారూ, రెండు రెబ్బలు కరివేపాకు” అని పక్కింటి వైపు కేకేసేది. మాకు పెరట్లో కరివేపాకు చెట్టుంది! అటు నుంచి ఆవిడ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడేది. ఏం మాట్లాడుకునేవాళ్లో మాకు వినిపించేది కాదు. ఒక్కోసారి నవ్వు వినపడేది. ఒక్కోసారి అమ్మ చెంగుతో కళ్లొత్తుకునేది, అది పొగ వల్లా కాదా అన్నది పిల్లలం మాకేం తెలుస్తుంది. మళ్లీ చినుకు మొదలయ్యేదాకా ఆ మాటలు సాగేవి. ఆ కాస్సేపటికి అమ్మ ‘విశ్రాంతి’ అని గానీ, ఇంకేదో అని గానీ పేరు పెట్టలేదు. “తెరిపిచ్చింది కదా అని నిలబడ్డాను” అనేది, అంతే.

ఇప్పుడీ మాట మనకు ఎక్కువగా ఎక్కడ తగులుతోందో చూడు. పేపర్లో, టీవీలో, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు. ‘తెరిపి లేని వాన’, ‘తెరిపి లేకుండా కురుస్తున్న వర్షాలు’. అక్కడి నుంచి మన మాటల్లోకీ వచ్చింది. తెరిపి లేని దగ్గు, తెరిపి లేని పని, తెరిపి లేకుండా మోగే ఫోన్. మాట బతికే ఉంది గానీ వెనకాల ‘లేని’ తగిలించుకుని బతుకుతోంది. వాన బీభత్సం వార్త అవుతుంది, తెరిపివ్వడం వార్త కాదు కాబట్టి పేపరువాళ్లను తప్పుపట్టలేం. కానీ ఈ కాలం పిల్లలకు తెరిపితో తొలి పరిచయమే అది లేకపోవడంతో జరుగుతోంది. ఒక మంచి సంగతి పేరు, ఆ సంగతి లేనప్పుడు మాత్రమే నోట్లోకి వస్తే, ఉన్నప్పుడు దాన్ని గుర్తుపట్టేదెలా? నాకు దిగులేసేది ఇక్కడే చెల్లీ.

రైతులు మాత్రం ఈ మాటను నిండుగా వాడుతున్నారు. వాళ్లకు తెరిపి లేనిదే వ్యవసాయం లేదు. వానలు పడాలి, పడుతూ మధ్యమధ్య ఆగాలి. పత్తి చేలో తెరిపి లేకపోతే గుంటక దిగదు, కలుపు తీయడానికి కూలీలు అడుగుపెట్టలేరు, మొదళ్లలో నీరు నిలిచి వేళ్లకు గాలాడక మొక్క ఎర్రబడిపోతుంది. వ్యవసాయాధికారులు చెప్పే సూచనల్లో కూడా ‘వర్షాలు తెరిపిచ్చాక పైపాటుగా ఎరువు వేయండి’ అనే ఉంటుంది. అయితే తెరిపి మరీ సాగినా కష్టమే. అప్పుడు దాని పేరు మారిపోయి ‘బెట్ట’ అవుతుంది. జులై, ఆగస్టుల్లో ఒక్కోసారి రుతుపవన ద్రోణి ఉత్తరంగా జరిగి హిమాలయాల పాదాల దగ్గరికి చేరుతుంది. అప్పుడు అక్కడ కుండపోత, దేశం నడుమా మన వైపూ పొడివాతావరణం. వాతావరణ శాఖవాళ్లు దాన్ని ‘బ్రేక్ మాన్‌సూన్’ అంటారు. నాలుగు రోజులైతే తెరిపి, నాలుగు వారాలైతే బెట్ట. ఎప్పుడు ఒకటి రెండోది అవుతుందో చేను చూసి చెప్పగలరు రైతులు.

కోతల కాలంలో తెరిపి ఎంత విలువైనదో కోస్తా జిల్లాల ఆడవాళ్లను అడగాలి. నవంబరు, డిసెంబరుల్లో కోసిన వరి చేలోనే పనల మీద ఉంటుంది. అప్పుడు తుపాను వచ్చిందా, పనలు నీళ్లలో నానుతాయి. రెండు మూడు రోజులు అలాగే ఉంటే కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. అందుకని వాన కాస్త తెరిపివ్వగానే మడిలో నీళ్లు బయటికి పోయేలా గట్లు తెంచుతారు. లీటరు నీళ్లకు 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి, అంటే 5 శాతం ద్రావణం, పనల మీద చల్లుతారు. మొలక రాకుండా ఉప్పు ఆపుతుంది. తర్వాత పనలు తిరగెయ్యాలి. చీర ఎగదోపుకుని మోకాలి కిందిదాకా బురదలో నిలబడి, ఒక్కో పననూ రెండు చేతులా కిందనుంచి ఎత్తి, గింజ రాలకుండా అటువైపుకు పడుకోబెట్టాలి. విసిరితే గింజ రాలిపోతుంది, నెమ్మదిగా చేస్తే మళ్లీ వాన ముంచుకొస్తుంది. ఆ పని చేసేటప్పుడు ఎవరూ ఆకాశం వైపు చూడరు, నడుమెత్తరు. తెరిపి అంటే ఊరికే చేతులు ముడుచుకుని కూర్చునే సమయం అనుకునేవాళ్లు అది ఒక్కసారి చూడాలి. తెరిపిలో ఏం చేస్తామన్నది వేరే సంగతి. అది దొరకడమే అసలు సంగతి.

ఇక నా మనసులో ఉన్నది చెప్తాను. మనకు తీరిక అని ఇంకో మాట ఉంది, తీరుబడి, తీరుబాటు కూడా. అవి మూడూ ‘తీరు’ లోంచి వచ్చినవే. పని తీరితే వచ్చేది తీరిక. అంటే ముందు పని తీరాలి. చెల్లీ, నిజం చెప్పు, మన పని ఎప్పుడైనా తీరిందా? పొద్దున గిన్నెలు కడిగితే మధ్యాహ్నానికి మళ్లీ సింకు నిండుతుంది. ఉతికిన బట్టలు మడతపెట్టే లోపల విడిచిన బట్టలు కుప్పపడతాయి. “ఇదొక్కటీ అయ్యాక కూర్చుంటా” అంటూనే రాత్రి పదవుతుంది. తీరిక కోసం కూర్చుంటే అది మనకు జన్మలో రాదు.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. జాతీయ గణాంక కార్యాలయంవాళ్లు రోజులో ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో దేశమంతా తిరిగి లెక్కగట్టారు. 2019 లెక్కలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. 2024లో మళ్లీ లెక్కేస్తే ఆడవాళ్లది 289కి, మగవాళ్లది 88కి దిగింది. రోజుకు ఐదు గంటలకు ఓ పది నిమిషాలు తక్కువ! పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకునే సమయం ఇందులో లేదు, దాన్ని వేరే లెక్కగట్టారు. ఇంకొకటి కూడా చూడు, మగవాళ్ల ఆ 88 నిమిషాలు ఆ పని చేసేవాళ్ల సగటు మాత్రమే. అసలు ఆ పని జోలికే వెళ్లని మగవాళ్లు నలుగురిలో ముగ్గురు ఉంటారు దాదాపు.

కార్మికుల కోసం 1948లో ఫ్యాక్టరీల చట్టం తెచ్చినప్పుడు, ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదనీ, ఆలోపు కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ అందులో రాశారు. ఏకబిగి, ఎంత సరైన మాటో చూడు. బిగి అంటే బిగుతు. మనిషిని అంతసేపు బిగించి ఉంచకూడదని చట్టానికి కూడా తెలిసింది. పని పూర్తయ్యాక విరామం ఇమ్మని చట్టం అనలేదు. పని నడుస్తుండగా, మధ్యలో ఇమ్మంది. ఇంట్లో అలా రాసిపెట్టినవాళ్లెవరూ లేరు.

అందుకే నాకు తీరిక కన్నా తెరిపి మీద ఆశ ఎక్కువ. దానికి పని తీరనక్కర్లేదు. మబ్బు అలాగే ఉండొచ్చు. సింకులో గిన్నెలు ఉండొచ్చు. అయినా నడుమ తెరుచుకున్న కాస్త ఎడం మనదే.

విరామం అనే మాట కూడా చక్కనిదే, దాన్ని తక్కువ చెయ్యను. సంస్కృతంలో ‘రమ్’ అనే ధాతువుకు ఆనందించడమనీ అర్థముంది, ఆగడమనీ నెమ్మదించడమనీ అర్థముంది. రామ, రమ్య, ఆరామం, విరామం అన్నీ ఆ ఇంటి పిల్లలే. సంతోషించడం, ఆగడం ఒకే వేరు నుంచి వచ్చాయంటే ఆ మాట పుట్టించినవాళ్లకు ఎంత తెలుసో! మన పొల్లు గుర్తును కూడా సంస్కృతంలో విరామమనే అంటారు. ‘క్’ అని రాసేటప్పుడు పైన పెట్టే ఆ చిన్న కొక్కెం. ఫోన్లో, కంప్యూటర్లో అక్షరాల పట్టికలో దాని పేరు ఇప్పటికీ విరామే. అచ్చు పలకకుండా అక్కడ ఆపమని దాని అర్థం. విశ్రాంతి మాత్రం శ్రమలోంచి వచ్చింది. అందులో ‘శ్ర’ దగ్గర నాలుక ఇంకా శ్రమపడుతూనే ఉంటుంది.

స్కూల్లో తెలుగు మాస్టారు యతి గురించి చెప్పినది గుర్తుందా? ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. సంస్కృతంలో యతి అంటే పద్యం చదువుతూ ఊపిరి తీసుకునే చోటు. అక్కడ మాట ముగియాలి, కాస్త ఆగాలి. తెలుగులోకి వచ్చేసరికి దాని పేరు విశ్రమం, విరతి అనే ఉంది గానీ అక్కడ ఆగే పని లేదు. మాట సాగిపోవచ్చు. కాకపోతే ఆ అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదుర్చుకోవాలి. పేరేమో విశ్రాంతి, చేసేదేమో వరస కలిపే పని. మన ఇళ్లలో ఆడవాళ్ల ఆదివారం కూడా అచ్చం ఇంతే చెల్లీ. కవులకు ఆ నియమం అందం తెచ్చింది, ఒప్పుకుంటాను. మన ఆదివారానికి ఆ అందం ఎవరూ తేలేదు.

తెరిపికి ఇంకో వాడుక ఉంది, అది నాకు చాలా ఇష్టం. ‘తెరిపిన పడటం’. “పెద్దవాడు ఉద్యోగంలో చేరాక వాళ్లు కాస్త తెరిపిన పడ్డారు.” “జ్వరం తగ్గి పిల్ల ఇప్పుడిప్పుడే తెరిపిన పడుతోంది.” అప్పులన్నీ తీరిపోయాయనీ కాదు, జబ్బు పూర్తిగా నయమైందనీ కాదు. ఊపిరి అందుతోందని అర్థం. అందులో ఒక జాగ్రత్త ఉంది. అన్నీ బాగైపోయాయని అంటే దిష్టి తగులుతుందేమోనన్న మన పెద్దవాళ్ల భయం, ఇంకా చెయ్యాల్సింది ఉందన్న ఎరుక, అయినా ఈ పూటకు ఫరవాలేదన్న నెమ్మదీ, అన్నీ ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి. కష్టంలో ఉన్న మనిషిని పలకరించేటప్పుడు “అంతా సర్దుకుందా?” అని అడిగితే ఏం చెప్పాలో వాళ్లకు తోచదు. “కాస్త తెరిపిన పడ్డారా?” అని అడిగి చూడు. జవాబు చెప్పడానికి వీలుంటుంది.

తెరిపి బాగా కరువయ్యేది పసిబిడ్డ తల్లులకు. “పిల్ల పడుకున్నప్పుడే నువ్వూ నడుం వాల్చు” అని అందరూ చెప్తారు. పిల్ల కన్ను మూసిందో లేదో, ఆ తల్లి సీసాలు మరగబెడుతుంది, గుడ్డలు ఉతుకుతుంది, ఎవరో చుట్టాలొచ్చారని లేచి మంచినీళ్లిస్తుంది. దొరికిన తెరిపి ఆమెకు దక్కేలా చూడాల్సింది ఇంట్లో మిగతావాళ్లు. గిన్నెలు వాళ్లు తోమాలి, చుట్టాలతో వాళ్లు మాట్లాడాలి. ఉద్యోగం చేసే తల్లులకు ఇంకో మాట చెప్పాలి, చాలామందికి తెలియదు కాబట్టి. ప్రసూతి సెలవు తర్వాత తిరిగి పనిలో చేరాక, బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు భోజన విరామం కాక రోజుకు రెండుసార్లు పాలిచ్చేందుకు విరామం ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచీ నియమం ఉంది. అడగడానికి మొహమాటపడకు. అది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు.

ఇంట్లో కూడా ఈ మాటను నోరారా వాడమని నిన్ను అడుగుతున్నాను. “నాకు విశ్రాంతి కావాలి” అంటే వెంటనే “ఏం, ఒంట్లో బాలేదా?” అంటారు. జబ్బు చేస్తేనే విశ్రాంతి అన్నట్టు. “తీరిక లేదు” అంటే “మరి తొందరగా తెముల్చుకోరాదూ” అంటారు. “మధ్యాహ్నం కాసేపు నాకు తెరిపివ్వండి” అని అను. దానికి కారణం అడగడం ఎవరికీ తోచదు. వాన ఎవరికీ కారణం చెప్పి తెరిపివ్వదు కదా. మా ఇంట్లో ఇప్పుడు అదే నడుస్తోంది. భోజనాలయ్యాక టీ వేళ దాకా ‘అమ్మకు తెరిపి’. మొదట్లో ఆ సమయంలోనూ “అమ్మా, నా సాక్సులెక్కడ?” అనే కేకలు వినపడేవి. ఇప్పుడు మా చిన్నదే అన్నను గదమాయిస్తోంది, “తెరిపి టైములో అడగొద్దన్నానా!” అని. ఆ కాసేపట్లో నేను పుస్తకం చదివిన రోజుందీ, ఊరికే కిటికీ దగ్గర కూర్చున్న రోజుందీ, పచ్చళ్లకు మాగాయ ముక్కలు తరిగిన రోజూ ఉంది. తరగాలనిపించి తరిగాను, ఎవరూ అడగలేదు.

ఇక నీ వంతు. గోదావరి జిల్లాల తెరిపి, కరీంనగర్ గెరువు నాకు తెలుసు. మీ వైపు ఏమంటారు? శ్రీకాకుళంలో, అనంతపురంలో, ఆదిలాబాద్‌లో, సరిహద్దు దాటి హోసూరు, బళ్లారి వైపున్న తెలుగు ఇళ్లలో ఇంకా ఏ మాటలున్నాయో? రెండు వానల నడుమ ఎడానికే కాదు, చేనులో కలుపు తీస్తూ మధ్యాహ్నం చెట్టు కిందికి చేరే వేళకు, మగ్గం దిగి నడుం చాచే వేళకు, బీడీలు చుడుతూ ఆకు పక్కన పెట్టే వేళకు మీ ఇళ్లలో ఏదైనా పేరుంటే అదీ రాయి. మాట ఒక్కటే పంపకు. మీ అమ్మో, అత్తగారో, పక్కింటి పిన్నిగారో ఆ మాట ఏ సందర్భంలో, ఎవరితో అంటారో ఆ వాక్యం వాళ్ల యాసలో ఉన్నదున్నట్టు రాసి పంపు. వచ్చే ముచ్చట్లలో అవన్నీ వరసగా పెట్టుకుందాం.